గాజుపెట్టెలో దేవుడు, గోడమీద డప్పు

నైజీరియా కవి నియి ఒసుందారే రాసిన 'ఆఫ్రికాస్ మెమరీ' అనే చిన్న కవిత కొంతకాలంగా మన విద్యార్థి మిత్రుల చేతుల్లో జిరాక్స్ కాగితంగా తిరుగుతున్నది. 1998లో వచ్చిన 'హార్సెస్ ఆఫ్ మెమరీ' సంపుటిలోది. ఇంగ్లీషు కవితే అయినా డిక్షనరీ ముందేసుకుని కూర్చోవలసిన పని లేదు. కవి ఒక్కొక్క వస్తువును పేరు పెట్టి అడుగుతాడు, అదెక్కడుందో చంద్రుడు చెబుతాడు. ఇఫే కంచు విగ్రహం బాన్‌లో ఉంది. బెనిన్ మాస్కు లండన్‌లో ఉంది. అశాంతి పీట పారిస్‌లో, జింబాబ్వే శిల్పం న్యూయార్క్‌లో. చివరికి ఆఫ్రికా జ్ఞాపకమే ఎక్కడని అడిగితే చంద్రుడు పలకడు, రుతువులు పలుకుతాయి. ఆ జవాబులో ఏ ఊరి పేరూ ఉండదు.

బాలాపూర్‌లో ఆదివారం పూట కలిసి చదువుకునే మేము కొద్దిమందిమి, ఇండ్లల్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కినవాళ్ళమే అందరమూ, ఈ కవిత మీద బాగానే కొట్లాడుకున్నాం. కవిత గొప్పదా కాదా అన్నది కాదు తగాదా. అది మనకు ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ పనికిరాకుండా పోతుంది అన్నది. పనికిరాని చోటే మనకు ఎక్కువ నేర్పుతుందని మా వాదన.

ముందు దాని బలం గురించి. ఆఫ్రికా మాస్కుల మీద కవితలు కొత్త కాదు. సెనెగల్ కవి సెంగోర్ 1945 నాటి సంపుటిలోనే మాస్కులకు ప్రార్థన రాశాడు. ప్రార్థన వేరు, లెక్క అడగడం వేరు. ఒసుందారే మొక్కడు. తప్పిపోయిన గొడ్డు గురించి ఊరూరా తిరిగి విచారించే రైతు లాగా అడుగుతాడు. ఆయన నిజంగానే రైతు కొడుకు, ఇకెరె-ఎకితి అనే ఊరివాడు. ఎవరెత్తుకుపోయారో కవితలో ఎక్కడా చెప్పడు. సైన్యం లేదు, ఓడ లేదు, సంవత్సరం లేదు. సొమ్ము ఎవరింట్లో ఉందో చెబితే చాలు, దొంగ సంగతి వినేవాడే తేల్చుకుంటాడు. సాక్షిని కూడా బాగా ఎంచుకున్నాడు. చంద్రుడు అన్ని దేశాల మీదా తిరుగుతాడు, ఏ మ్యూజియంలోనూ టికెట్టు కొనడు.

కవి చెప్పకుండా వదిలిన సంవత్సరం 1897. ఆ ఫిబ్రవరిలో బ్రిటిష్ సైన్యం బెనిన్ నగరాన్ని తగలబెట్టి, రాజుగారి పూజాపీఠాల మీది ఇత్తడి తలలు, ఏనుగు దంతాలు, గోడలకు కొట్టిన పలకలు వేల సంఖ్యలో మోసుకుపోయింది. అందులో తొమ్మిది వందలకు పైగా ఇప్పటికీ ఒక్క బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి. 1977లో లాగోస్‌లో జరిగిన ఆఫ్రికా కళల పండుగ 'ఫెస్టాక్'కు రాణి ఇదియా దంతపు మాస్కే గుర్తు. పండుగకైనా ఇవ్వమంటే లండన్ ఇవ్వలేదు. నకలు చేయించుకుని పండుగ చేసుకున్నారు. అడిగితే 1963 నాటి మ్యూజియం చట్టం అడ్డమొస్తుందంటారు. 2024లో అశాంతి రాజుల బంగారు నగలు, చిహ్నాలు 32 కుమాసీకి పంపారు గానీ, అప్పుగా పంపారు. మన సొమ్ము మనకే బదులు.

ఆఫ్రికా అంటే ఎక్కడో సముద్రాల అవతల అనుకునే మిత్రులకు ఒక మాట. మాసబ్ ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్ అనే బస్తీ పేరులో 'ఏ' అంటే ఆఫ్రికన్. నిజాం గుర్రపు దళంలో పనిచేసిన సిద్దీల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు. మనకు ఇంకా దగ్గర బార్కాస్. అక్కడి అరబ్బులతో, ఆ సిద్దీలతో కలిసి పెరిగిన మర్ఫా దెబ్బ పాతబస్తీ పెళ్ళిళ్ళలో ఈరోజుకూ మోగుతుంది. ఆఫ్రికా నుంచి వచ్చిన ఆ దెబ్బ మన పక్క బస్తీలో గాజుపెట్టె ఎక్కకుండా బతికే ఉంది. బతకడానికి కారణం దాన్ని ఎవరో భద్రపరచడం కాదు, దానికి పని ఉండడం. ఈ సంగతి తర్వాత అవసరమవుతుంది.

ఒసుందారే కవిత చదివిన మరుసటి వారమే మా మిత్రులు కొందరు అదే అచ్చులో కవితలు పోసుకొచ్చారు. డప్పును అడుగుతారు, చంద్రుడు ఢిల్లీ అంటాడు. కిన్నెరను అడుగుతారు, చంద్రుడు మ్యూజియం అంటాడు. వినడానికి ఊపుగా ఉన్నాయి. కానీ అబద్ధం. డప్పు ఢిల్లీ పోలేదు. డప్పును ఎవడూ ఎత్తుకుపోలేదు. ముట్టుకుంటే మైలపడతామనుకున్నవాళ్ళు ఎత్తుకెట్లా పోతారు? ఆఫ్రికావాడి దేవుణ్ణి తెల్లవాడు కాజేశాడు, అంటే దానికొక విలువ ఉందని వాడి దురాశే ఒప్పుకున్నది. మన వస్తువుకు ఆ గౌరవం కూడా దక్కలేదు. అది ఉన్నచోటే ఉంది, వెలివాడలో చూరుకు వేలాడుతూ. చావుకు, జాతరకు, చాటింపుకు పిలుపొస్తే దిగుతుంది, పని కాగానే మళ్ళీ చూరుకే. పోగొట్టుకున్న బాధకూ, కట్టిపడేసిన బాధకూ ఒకే కవితా రూపం సరిపోదు.

మరి మన దేశంలో మ్యూజియం మననుంచి ఏం సేకరించింది? ఈ ప్రశ్న వేసుకుంటే ఎడ్గర్ థర్‌స్టన్ దగ్గర ఆగాలి. 1885 నుంచి 1908 దాకా మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి సూపరింటెండెంటు. మ్యూజియం చూడవచ్చిన జనాన్నే ఆపి తలలూ ముక్కులూ కొలిచాడు. ముక్కు వెడల్పును బట్టి కులాల ఎచ్చుతగ్గులు తేలతాయన్నది ఆనాటి 'శాస్త్రం'. 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన ఆయన 'దక్షిణ భారత కులాలు, తెగలు' నేటికీ మన రీసెర్చి స్కాలర్ల ఫుట్‌నోట్లలో మర్యాదగా కూర్చుంటున్నది. బెనిన్‌వాడి దగ్గర బొమ్మ తీసుకున్నారు, మన దగ్గర ముక్కు కొలత తీసుకున్నారు. చూడ్డానికి పోయినవాడే చూపుడు వస్తువయ్యాడు. దీనిమీద కవిత రాసినవాళ్ళు మా ఎరుకలో లేరు. రాయవలసింది ఇది.

అదే మ్యూజియంలో అమరావతి పాలరాళ్ళున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చిన వాటిలో కొన్ని తర్వాత లండన్ పోయాయి, బ్రిటిష్ మ్యూజియంలో ఇప్పుడు సుమారు 120 పలకలున్నాయి. 1956లో బాబాసాహెబ్ బౌద్ధం తీసుకున్న తర్వాత అది మన వారసత్వం కూడా. కాబట్టి ఒసుందారే లాగా అడిగే హక్కు ఇక్కడ మనకుంది. అయితే 1797లో కాలిన్ మెకంజీ అక్కడికి పోయేసరికే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు స్తూపపు దిబ్బను తవ్వి కట్టడాలకు రాళ్ళు తరలిస్తున్నారు. పలకలు కాలి సున్నమయ్యాయి. మొదటి గడ్డపార లండన్ నుంచి రాలేదు. చంద్రుణ్ణి అడిగేటప్పుడు ఈ సంగతి కూడా అడగాలె.

ఇక మన కవిత్వం. 1994 జులై 7న ఈదుముడిలో దండోరా మొదలైన తర్వాత డప్పు జెండా అయింది. అంతకుముందు అంబేడ్కర్ సంఘాల పెద్దలు చాలాచోట్ల డప్పు కొట్టం పొమ్మని పారేశారు. అదీ ఆత్మగౌరవమే, ఇదీ ఆత్మగౌరవమే. ఈ రెంటి మధ్య రాపిడిలోంచి మంచి కవిత్వం రావలసింది. కొంత వచ్చింది. కానీ ఎక్కువ భాగం ఏమైంది? డప్పు ఉరుముతుంది, డప్పు గర్జిస్తుంది, డప్పు పిడుగవుతుంది. ఉరుముకూ పిడుగుకూ తోలు అక్కర్లేదు. తోలు నానబెట్టి, బూరు గీకి, చింతగింజల జిగురుతో చెక్కబద్దకు అతికించిన చేతులు ఆ కవితల్లో కనబడవు. వానాకాలంలో తోలు మెత్తబడితే గడ్డిమంట దగ్గర కాచడం కనబడదు. ఏ చేతిలో సిర్ర, ఏ చేతిలో సిటికెన పుల్ల అన్నది కూడా తెలియకుండా రాసినవి మేము చదివాం. చావుదెబ్బ వేరు, పెండ్లిదెబ్బ వేరు. దెబ్బల పేర్లు అడిగితే ఇంట్లో తాత చెప్పేవాడు. తాతను అడగలేదు. మ్యూజియం మన డప్పును తీసుకుపోలేదు గానీ, మనమే కవితలో ఒక గాజుపెట్టె చేసి అందులో పెట్టాం. లైటు బాగా పడుతున్నది. మోగడం లేదు.

ఈ మాట కొందరికి కష్టంగా ఉంటుందని తెలుసు. ఉద్యమ కవిత్వానికి ఇంత లెక్కలెందుకని మా గదిలోనే అన్నారు. ఉద్యమానికి నినాదం కావాలి, నిజమే. నినాదాన్ని నినాదంగా ఒప్పుకుందాం. కవిత అంటే మాత్రం చేతులెక్కడ అని అడుగుతాం.

ఇక్కడ జాషువాను మళ్ళీ చదవాలి. 1941 నాటి 'గబ్బిలం'ను ఎన్ని తరగతుల్లో పాఠంగా చెప్పినా, కాళిదాసు మేఘంతో పోల్చడం దగ్గరే ఆగిపోతున్నారు. ఒసుందారే పక్కన పెట్టి చూడండి. అక్కడ దేవుడు ఓడెక్కి పోయాడు. ఇక్కడ దేవుడు గుళ్ళోనే ఉన్నాడు, భక్తుడికే గడప లేదు. అక్కడి కవి చంద్రుణ్ణి సాక్ష్యం అడిగితే, తంజావూరు అరుంధతీసుతుడు గబ్బిలాన్ని రాయబారం పంపుతాడు. చంద్రుడు శుభం, గబ్బిలం అశుభం. ఇంట్లోకొస్తే కీడని జనం తరిమే జీవికి గర్భగుడిలో చోటుంది, దీపం పెట్టుకుని ఎదురుచూసే మనిషికి లేదు. గుడి కప్పుకు వేలాడే పక్షికి దేవుడి చెవి అందుతుంది కనుక, పూజారి పక్కకు పోయిన సందు చూసి చెప్పమంటాడు. పూజారి లేని సందు! మ్యూజియం కాపలాదారు కంటే గట్టి కాపలా ఇది, నూటికి నూరేళ్ళ డ్యూటీ. దూరం సముద్రాల్లో లేదు, గడపలో ఉంది. ఒసుందారే చెప్పలేని దూరాన్ని జాషువా పద్యాల్లో కొలిచాడు. పద్యం పాతదని, ఛందస్సు వాళ్ళదని ఆయన్ను పక్కన పెట్టే మిత్రులు ఈ కొలత సంగతి ఆలోచించాలి.

ఇంకో తేడా కూడా ఉంది. జాషువా కవితలో మాట్లాడేవాడికి కులముంది, ఊరుంది, ఆకలుంది. ఒసుందారే ఇతర కవితల్లో రైతు చేతులు, పలుగూ పారా పుష్కలంగా కనబడతాయి, 1986లో కామన్వెల్త్ బహుమతి తెచ్చిన 'ది ఐ ఆఫ్ ది ఎర్త్' నిండా మట్టే. ఈ కవితలో మాత్రం అడిగే 'నేను' మొత్తం ఆఫ్రికా. మొత్తం ఆఫ్రికా అన్నప్పుడు రాజెవరు, బానిస ఎవరు అన్నది కనబడకుండా పోతుంది. బెనిన్ బొమ్మలు పోసిన ఇత్తడి ఎక్కడిది? యూరప్ వర్తకులు తెచ్చిన మనిల్లా అనే కడియాలు కరిగించి పోశారు. ఆ కడియాలు దంతానికి, మిరియాలకు ధర, మనుషులకు కూడా ధర. 2023లో జర్మన్ పరిశోధకులు మునిగిపోయిన ఓడల్లోని కడియాలను పరీక్షించి ఆ లోహం రైన్ నది ప్రాంతపుదని తేల్చారు. 2022లో జర్మనీ పదకొండు వందలకు పైగా వస్తువుల హక్కు నైజీరియాకు బదలాయించింది. మంచిదే. మరుసటి ఏడు నైజీరియా ప్రభుత్వం వాటికి యజమాని బెనిన్ రాజని ప్రకటించింది. ఈలోపు అమెరికాలో బానిసల వారసుల సంఘం ఒకటి 2022లోనే స్మిత్సోనియన్ మ్యూజియం మీద కోర్టుకెక్కింది. మా ముత్తాతలను అమ్మిన సొమ్ముతో పోసిన బొమ్మల్ని అమ్మినవాడి ఇంటికే పంపుతారా, మా వాటా ఏదీ అన్నది వాళ్ళ ప్రశ్న. మ్యూజియంలోనే ఉంచమన్న వాళ్ళ కోరికతో మేము ఏకీభవించం. కానీ ప్రశ్న మనది. తిరిగొచ్చిందంటే ఎవరి చేతికి వచ్చింది?

ఈ ప్రశ్నను మన పటాల దగ్గరికి తెద్దాం. చేర్యాల నకాషీలు గీసిన పటం విప్పి ఊరూరా కులపురాణం చెప్పే ఆశ్రిత కులాలు తెలంగాణలో ఎన్నో. మాదిగలకు జాంబపురాణం చెప్పేది డక్కలి వాళ్ళు. మనం ఆదిలో ఎవరమో మనకు చెప్పేది వాళ్ళే. అయినా ఆ డక్కలి మనిషిని మాదిగ ఇంటి గడప దాటనివ్వని ఊళ్ళున్నాయి. గబ్బిలం కథ మన వాడలోనూ జరుగుతున్నది. దీన్ని దాచి పటాల మీద ప్రేమ ఒలకబోస్తే అది మ్యూజియం ప్రేమే.

పటానికి ఒక చావుంది. చాలా ఏళ్ళు వాడి, బొమ్మలు మాసి, గుడ్డ చిరిగిన తర్వాత దానికి మనిషికి చేసినట్టే కర్మ చేసి నీళ్ళల్లో కలుపుతారు. కొత్త పటం గీయించుకుంటారు. నకాషీకి పని దొరుకుతుంది, కథకు కొత్త రంగులొస్తాయి. నైజీరియాలోనే ఓవెరి ప్రాంతపు ఇగ్బోలు భూదేవి కోసం మట్టిబొమ్మలతో 'మ్బారి' ఇండ్లు కట్టి, పండుగ కాగానే వానకూ చెదలకూ వదిలేసేవాళ్ళని చినువా అచెబె రాశాడు. వచ్చే తరం మళ్ళీ కట్టాలి గదా, అందుకని. మన పాత పటాలు ఇప్పుడు కొన్ని మ్యూజియాల్లో చల్లటి గదుల్లో ఉన్నాయి. వాటిని చూసి మేమూ సంబరపడ్డాం, కాదనం. లేకుంటే మాకు చూసే భాగ్యమే లేదు. కానీ అవి చావడం మానేశాయి, కాబట్టి పుట్టడమూ మానేశాయి. ఒసుందారే కవితలో లేని సంగతి ఇది. వస్తువు ఇల్లు చేరితే చాలదు, అరిగిపోయే హక్కు దానికీ, అరగదీసే హక్కు చేతికీ రావాలి.

పవిత్ర వస్తువుకు విలువ కట్టడం మన బాలాపూర్‌కు బాగా తెలిసిన విద్య. 1994లో 450 రూపాయలకు మొదలైన గణేశ్ లడ్డూ వేలం 2025లో 35 లక్షలకు చేరింది. గణపతి హుస్సేన్‌సాగర్‌లో కరిగిపోతాడు, లడ్డూ దక్కించుకున్నవాడి ఫోటో పేపర్లో పడుతుంది. ఇక్కడ 35 లక్షలు పలికినప్పుడు, ఇక్కడికి ఎంతో దూరం లేని తుర్కయాంజాల్‌లో ఒక వాద్యకారుడి రోజుకూలి ఎంతో కూడా గుర్తుంచుకోవాలె. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే డక్కలి బిడ్డ దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందే ఆయన గొంతు సినిమాకెక్కింది. 2024 మే నెలలో తుర్కయాంజాల్‌లో కట్టడం పనికి కూలిగా పోతున్నాడని పత్రికలు రాశాయి. కిన్నెరను అందరూ తలకెత్తుకున్నారు. కిన్నెర పట్టిన చేతికి సిమెంటు తట్ట.

మరి ఏం చెయ్యాలంటారని మిత్రులు అడిగారు. ఒసుందారే అచ్చు మనకు సరిపోదంటే ఏ అచ్చు సరిపోతుంది? మాకు కొంత దారి చూపింది అమెరికా నల్లజాతి కవయిత్రి రాబిన్ కోస్ట్ లూయిస్. 2015లో అక్కడి నేషనల్ బుక్ అవార్డు పొందిన 'వాయేజ్ ఆఫ్ ది సేబుల్ వీనస్' పుస్తకంలోని పెద్ద కవితను ఆమె తన మాటల్తో రాయలేదు. నల్ల ఆడమనిషి బొమ్మ ఉన్న కళావస్తువుల పేర్లు, మ్యూజియం కేటలాగు వాక్యాలు, గోడమీది చీటీలు, అవే తెచ్చి వరుసగా పేర్చింది. విరామచిహ్నాలు మార్చింది, పంక్తులు విరిచింది, అంతే. ఒకచోట మాత్రం చెయ్యి పెట్టింది. మ్యూజియాలు ఈమధ్య సిగ్గుపడి 'బానిస', 'నీగ్రో' అన్న పాత మాటలు తీసేసి 'ఆఫ్రికన్ అమెరికన్' అని మర్యాదగా దిద్దుకున్నాయి. ఆమె ఆ మర్యాదను కొట్టేసి పాత మాటలే తిరిగి పెట్టింది. దొంగతనాన్ని నెమ్మదిగా భాషలోంచి కూడా దొంగిలిస్తుంటే ఆపిన పని అది. ఒసుందారే చంద్రుడితో చెప్పించినదాన్ని ఆమె మ్యూజియం నోటితోనే చెప్పించింది. మాకు ఈ పద్ధతి ఎక్కువ నచ్చింది. ఉపమానాలు అక్కర్లేదు, గర్జన అక్కర్లేదు.

మన చీటీల్లో 'జానపద' అన్న మాట ఇట్లాంటి మర్యాదే. ఈమధ్య ఒక ప్రదర్శనలో మేము చూసిన డప్పు కింద మూడే ముక్కలున్నాయి: చర్మవాద్యం, తెలంగాణ, జానపద కళ. ఏ తోలు, ఏ ఊరు, ఎవరు కట్టారు, ఏ కులం కొడుతుంది, ఎవరి చావుకు కొట్టించుకున్నారు, ఏమిచ్చారు, ఏదీ లేదు. జనపదమంతా కలిసి డప్పు కొట్టిందన్నట్టు!

అందుకని ఈ వ్యాసం చదివిన విద్యార్థులను, టీచర్లను, కార్యకర్తలను ఒకటి అడుగుతున్నాం. మీ జిల్లా మ్యూజియంలో, కాలేజీ ప్రదర్శనలో, ఆఫీసు గోడమీద డప్పు, కిన్నెర, జమిడిక, పటం, రుంజ ఏది కనబడినా దాని కింది చీటీని ఉన్నదున్నట్టు రాసి పంపండి. ఒక్క మాట కూడా కలపకండి. తర్వాత అదే వస్తువు గురించి దాన్ని వాడే ఇంటికి పోయి, వాళ్ళు దాన్ని ఏమంటారో, దాని భాగాలకు ఏం పేర్లున్నాయో, ఆఖరుసారి ఎప్పుడు వాడారో రాసుకురండి. రెండూ పక్కపక్కన వేస్తాం. డక్కలి ఇంటికి పోయేవాళ్ళు వాళ్ళు పెట్టిన నీళ్ళు తాగి రండి.